తోడి గాంధారం కోసం

చిన్నీకి పెదనాన్న ఆశీస్సులు.

తోడి రాగం ఆలాపన ఎన్నిసార్లు విన్నా గాంధారం (‘గ’ స్వరం) దగ్గర ఫిడేలు విద్వాంసుడి వేలు ఏం చేస్తోందో అందడం లేదని రాశావు. అందదు మరి. ఆ గాంధారం ఒకచోట నిలవదు, రిషభానికీ (రి) మధ్యమానికీ (మ) మధ్య ఊగుతుంది. ఆ ఊపునే గమకం అంటాం. రెప్పపాటులో అయిపోయేదాన్ని చెవి ఎక్కడ పట్టుకుంటుంది? నెమ్మది చేసి విను.

మా రోజుల్లో దీనికి స్పూల్ టేపే దిక్కు. సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంలో రికార్డు చేసిన టేపును మూడుముప్పావులో పెడితే సంగీతం సగం వేగంలో నడిచేది. దాంతోపాటే శృతి కూడా ఒక స్థాయి దిగిపోయేది. ఫిడేలు కాస్తా ఎద్దు రంకె అయ్యేది.

నీకా బాధ లేదు. కంప్యూటర్లో ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేసుకో, డబ్బు కట్టనక్కర్లేదు. ఆలాపనంతా కాదు, నాలుగైదు సెకన్ల ముక్క ఒక్కటే సెలెక్ట్ చేసి, ఎఫెక్ట్ మెనూలో చేంజ్ టెంపో తెరిచి మైనస్ 30 శాతం కొట్టు. వేగం తగ్గుతుంది, శృతి కదలదు. అక్కడే చేంజ్ స్పీడ్ అని ఇంకోటి ఉంటుంది. పొరపాటున అది నొక్కావో, మళ్లీ నా టేపు కథే. లూప్ పెట్టుకుని పదిసార్లు విను.

మైనస్ 50 దాటకు. సాఫ్ట్‌వేర్ ధ్వనిని చిన్న చిన్న ముక్కలు చేసి, దూరం జరిపి అతుకుతుంది. మరీ సాగదీస్తే ఆ అతుకులు చెవికి తెలుస్తాయి, మృదంగం మీద ఒక్క దెబ్బ రెండుగా వినిపిస్తుంది. అతుకునే గమకం అనుకుని వారం రోజులు సాధన చేసిన శిష్యుడొకడు నాకున్నాడు!

రికార్డింగు శృతి నీ ఫిడేలుకు కలవకపోతే తీగలు బిగించకు, తెగుతాయి. చేంజ్ పిచ్‌తో రికార్డింగునే నీ శృతికి జరుపుకో. బస్సులో వినడానికైతే ఫోన్లో వీఎల్‌సీ ప్లేయర్ యాప్ చాలు, అందులోనూ వేగం తగ్గించుకోవచ్చు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. నెమ్మదిగా విన్నావని నెమ్మదిగానే వాయించడం అలవాటు చేసుకోకు. సాగదీసిన గమకం వేరు, విలంబంలో, అంటే నెమ్మది కాలంలో, వాయించే గమకం వేరు. వేలు ఎక్కడ బయల్దేరి ఎక్కడికి చేరిందో తెలిసేదాకే ఆ నెమ్మది. తెలిశాక మైనస్ 20, తర్వాత 10, ఆ తర్వాత అసలు వేగం. ప్రతిసారీ అసలు ఫైలు నుంచే మొదలుపెట్టు. మార్చినదాన్నే మళ్లీ మారుస్తూ పోతే నాదం పాడవుతుంది.

ఆదివారం ఫోన్ చెయ్యి. ముందు ఆ ముక్క నోటితో పాడి వినిపించు, ఫిడేలు సంగతి తర్వాత చూద్దాం.

పెదనాన్న