నడినెత్తిన ఖాళీ చర్మాన్ని కోసి కుట్టించుకోవచ్చా?

మీ వయసు 26 అనీ, నడినెత్తిన జుట్టు లేని చర్మాన్ని కోసి తీసేసి రెండు వైపులా దగ్గరకు లాగి కుడతామనీ, ముందు భాగంలో కృత్రిమ వెంట్రుకలు గుచ్చుతామనీ గుంటూరులో ఒకరు చెప్పారని రాశారు. పెళ్లి చూపుల లోపు పని పూర్తవుతుందని కూడా అన్నారట. నేను వైద్యుణ్ణి కాను, విజయవాడలో బట్టల వ్యాపారం చేసుకునేవాణ్ణి. అయితే మీకు చెప్పిన మొదటి శస్త్రచికిత్సా, దానికంటే పాతదైన మరొకటీ నా తల మీదే జరిగాయి కనుక రాస్తున్నాను.

1993లో, నాకు 27 ఏళ్లప్పుడు, మద్రాసు వెళ్లి పంచ్ గ్రాఫ్టులు పెట్టించుకున్నాను. కాగితాలకు రంధ్రాలు వేసే పంచ్ వంటి బోలు కత్తితో వెనక తల నుంచి సుమారు 4 మిల్లీమీటర్ల గుండ్రటి ముక్కలు తీసి, ముందు అంతే గుంతలు చేసి వాటిలో అమర్చేవారు. ఈ పద్ధతిని 1952లో న్యూయార్క్‌లో ఓరెంట్రైక్ అనే వైద్యుడు మొదలుపెట్టాడు. వెనక నుంచి తెచ్చిన వెంట్రుక ముందు నాటినా తన స్వభావం మార్చుకోదని ఆయన 1959లో ప్రకటించిన విషయం నేటికీ సత్యమే, ఇప్పటి మార్పిడి చికిత్సలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. తేడా వచ్చింది ముక్క పరిమాణంలో. సహజంగా ఒక్కో కుదురు నుంచి ఒకటి మొదలు నాలుగు వెంట్రుకలు వస్తాయి, ఆ ముక్కలో మాత్రం పది, పదిహేను, ఇరవై కూడా ఉండేవి. మిరప నారును మొక్కకో పాదు చేసి నాటకుండా గుప్పెడు తెచ్చి ఒకే గుంతలో గుచ్చితే ఎలా ఉంటుందో నా నుదురు అలా తయారైంది. కొన్ని ముక్కల నడుమ రక్తం అందక వెంట్రుకలు చచ్చిపోయి చుట్టూ వలయం మాత్రం మిగిలింది. నూనె రాసి దువ్వినంత కాలం ఎవరికీ కనబడలేదు గాని, స్కూటర్ మీద ప్రకాశం బ్యారేజీ దాటేటప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ నెత్తి మీదే ఉండేది.

అసలు సంగతి 2006లో బయటపడింది. మా నాన్నగారు పోయారు, పెద్ద కొడుకును కనుక పదో రోజున కృష్ణ ఒడ్డున గుండు చేయించుకోవాలి. నాలుగు గీతలు గీసిన తర్వాత క్షురకుడు కత్తి ఆపి, ‘బాబూ, ఇవేం మచ్చలు?’ అని అడిగాడు. వెనక తలంతా రూపాయి కంటే చిన్న తెల్లటి చుక్కలు, ముందు గులకరాళ్లు పరిచినట్టు ఎగుడుదిగుడు చర్మం, నడినెత్తిన పొడవాటి గీత, అన్నీ బంధువుల ముందు బయటపడ్డాయి. ఆ తర్వాత తిరుపతి మొక్కు కూడా నేను గుండు రూపంలో చెల్లించలేదు. మన ఇళ్లలో మగవాడు జీవితంలో ఒక్కసారైనా గుండు చేయించుకోవలసి వస్తుందన్న మాట ఆ వైద్యుడికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఆ నడినెత్తి గీత 1995 నాటిది, మీకు ఇప్పుడు చెబుతున్న స్కాల్ప్ రిడక్షన్ అదే. దీనివల్ల కొత్త జుట్టు ఒక్క వెంట్రుక కూడా రాదు, పక్కల ఉన్నదే కాస్త పలచగా సాగి ఖాళీని కప్పుతుంది. లాగి కుట్టిన చర్మం కొన్ని నెలల్లో తిరిగి సాగుతుంది కాబట్టి ఖాళీలో కొంత భాగం మళ్లీ వచ్చేసింది. మచ్చకు అటు వెంట్రుకలు అటు, ఇటు వెంట్రుకలు ఇటు వాలడంతో నడుమ కాలువ తవ్వినట్టు కనబడేది. అన్నిటికంటే పెద్ద చిక్కు మరొకటి: బట్టతల శస్త్రచికిత్స జరిగిన రోజున ఆగిపోదు. నా 40వ ఏటికి పక్కల జుట్టు ఇంకా కిందికి దిగింది, మచ్చ మాత్రం అక్కడే ఉండిపోయింది.

కృత్రిమ వెంట్రుకల గురించి ఎక్కువ రాయనవసరం లేదు. శరీరం వాటిని పరాయి వస్తువులుగా చూస్తుంది, చీము పడుతుంది, పోగులు విరిగి మొదళ్లు లోపల మిగిలిపోతాయి. అమెరికా ప్రభుత్వం 1983లోనే వాటిని నిషేధించింది.

నన్ను బాధించేది ఏమిటంటే, నాకు పంచ్ గ్రాఫ్టులు వేసేనాటికే విదేశాల్లో చిన్న గ్రాఫ్టులు వచ్చేశాయి. 1995లో బెర్న్‌స్టీన్, రాస్‌మన్ అనే వైద్యులు సహజమైన కుదుళ్లను యథాతథంగా నాటే పద్ధతిని వివరించారు, 2002లో కుదుళ్లను ఒక్కొక్కటిగా తీసే ఎఫ్‌యూఈని వివరించారు. పాతబడిన వైద్యం మన దాకా వచ్చేసరికి కొత్తదిగా చెలామణి అయింది. 2016లో మరమ్మతుకు వెళ్లినప్పుడు ఆ పాత ముక్కలను కొన్నింటిని తీసి, సూక్ష్మదర్శిని కింద విడదీసి, విడివిడిగా నాటారు. నుదురు చాలావరకు బాగుపడింది. గీత ఉంది, వెనక చుక్కలు ఉన్నాయి, తీసి వాడుకోవడానికి వెనక జుట్టు ఇక పెద్దగా మిగలలేదు.

ఒక పొడవాటి చర్మపు పట్టీ తీసి కుట్టే స్ట్రిప్ పద్ధతిని నేను వీటితో కలపను. మంచి చేతుల్లో అది నేటికీ పనికొచ్చేదే, అయితే దానికీ వెనక గీత పడుతుందని ముందే తెలుసుకోండి.

26 ఏళ్లకు మీ జుట్టు ఎంతవరకు వెనక్కి పోతుందో ఇంకా తేలలేదు కనుక, ముందు చర్మవ్యాధి నిపుణుడికి చూపించి, మందులతో రాలడం నిలబడుతుందేమో కొంతకాలం చూడండి. నా చిన్నప్పుడు ఈ అవకాశం ఇంతగా లేదు, ఫినాస్టరైడ్ మాత్రకు బట్టతల విషయంలో అమెరికాలో అనుమతి వచ్చిందే 1997లో. దానికీ దుష్ఫలితాలు ఉంటాయి కాబట్టి వైద్యుడి సలహా లేకుండా వాడకండి. జుట్టు మార్పిడి ఎవరు చేయవచ్చో జాతీయ వైద్య కమిషన్ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది, వీడియోలు చూసి నేర్చుకున్నది శిక్షణ కాదని అందులో ఉంది. అందువల్ల కత్తి పట్టేది ఎవరో, ఆయన అర్హత ఏమిటో అడగండి. అలాగే ఆ గుంటూరు వైద్యుడి చేతికి ఒక కాగితం ఇచ్చి, మీకు 45 ఏళ్లు వచ్చి పక్కల జుట్టు చెవుల దాకా దిగితే తాను వేయబోయే కుట్టు ఎక్కడ కనబడుతుందో గీసి చూపించమనండి.