కొండ జనం గురించి పాఠం చెప్పబోతున్న మా మేనకోడలికి

పాతపట్నం

అమ్మడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి నీ సంగతి చెప్పాడు. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం వస్తోందని, మీ బడిలో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు మన మన్యం జనం గురించి వారం రోజులు చెబుతావట. ఎవరూ ముందుకు రాకపోతే నువ్వే అడిగి తీసుకున్నావట. విజయనగరం లాంటి ఊళ్లో పిల్లలకు ఈ సంగతి చెప్పాలని నీకు తోచినందుకు నా కడుపు నిండిపోయింది. ఆ వెనకే టెన్షన్ కూడా పట్టుకుంది. ఫోన్‌లో అయితే సగం మర్చిపోతాను, అందుకే రాస్తున్నాను.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. అందరినీ కలిపి గిరిజనులు అనేసి ఊరుకోకు, ఎవరి పేరు వాళ్లకు చెప్పు. మా పాతపట్నం, మెళియాపుట్టి, మందస కొండల్లోనూ, సీతంపేట వైపూ సవరలు. కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు జాతాపులు, వాళ్లతో పాటు సవరలు. సాలూరు, పాచిపెంట దిక్కున కొండదొరలు, గదబలు. మ్యాపు వేసేటప్పుడు జాగ్రత్త, 2022లో జిల్లాలు విడగొట్టాక సీతంపేట, కురుపాం, సాలూరు అన్నీ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిపోయాయి. థింసా అరకు వైపు ఆట, దాన్ని సవరలకు అంటగట్టకు. తప్పెటగుళ్లు యాదవులది, అది అసలే వద్దు. మీ నాన్న నాకు పంపిన నీ చార్టు ఫొటోలో తలచుట్టూ పెద్ద పెద్ద ఈకలు పెట్టుకున్న మనిషి బొమ్మ ఉంది చూడు, అది అమెరికా వాళ్ల బొమ్మ తల్లీ. ఇంటర్నెట్లో ఏది దొరికితే అది అంటించేయడమేనా? చింపెయ్.

ఇంక, బస్సు మాట్లాడి పిల్లల్ని సీతంపేట కొండల్లోకి తీసుకెళ్తావట. వద్దు. ఆగస్టులో మాత్రం వద్దే వద్దు. నువ్వు గెడ్డలు, అంటే కొండ వాగులు, చూడలేదు. మనం నిలబడ్డచోట ఎండ కాస్తూనే ఉంటుంది, పైన కొండ మీద వాన పడుతుంది, చీలమండ దాకా ఉన్న నీళ్లు చూస్తూండగానే నడుం దాకా వచ్చేస్తాయి. ఆ నీళ్లకు రంగు మారిందంటే, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయంటే పెద్దవాళ్లే గట్టెక్కేస్తారు. ఆరేళ్ల పిల్లలు, అందులో నీళ్లు కనపడితే దూకేసే పిల్లలు! మలేరియా రోజులు కూడా అవే. పైగా ఒడిశా వైపు నుంచి దిగిన ఏనుగులు ఎప్పుడు ఏ తోటలో ఉంటాయో ఆ ఊళ్లవాళ్లకే తెలియదు. వానలు వెళ్లాక నవంబరులో తీసుకెళ్లు, సీతాఫలాల రోజులు. కంది పంట చేతికొచ్చాక ఎవరైనా ఇంటికి పిలిస్తే కందికొత్తల పండగకు వెళ్లు. కొత్త కందులు దేవుడికి పెట్టకుండా ఒక్క గింజ నోట్లో వేసుకోరు వాళ్లు, ఆ నియమం పిల్లలకు భలే నచ్చుతుంది. పిలవకుండా మాత్రం వెళ్లకు, పండగ చూడ్డానికి కాదు ఎవరైనా చేసుకునేది.

అసలు నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. ఫ్యాన్సీ డ్రెస్సు పోటీ కూడా పెడుతున్నావని మీ అమ్మ వెనక నుంచి అంది. అది విన్నాక నాకు పాత సంగతి కళ్లముందుకొచ్చింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, కొండ కింద ఒక బడిలో వార్షికోత్సవం జరిగింది. పేరు ఎందుకులే. హెడ్‌మాస్టారు మంచి మనిషి, పిల్లలంటే ప్రాణం. గిరిజన నృత్యం అని ఒక ఐటమ్ పెట్టించారు. ఊళ్లో పిల్లలకు మసీ ఆముదమూ కలిపి చేతులకీ మొహాలకీ పూశారు. నడుముకి మామిడి మండలు, తలలో కోడి ఈకలు, చేతిలో వెదురు బల్లేలు. అర్థం లేని కూతలు కూస్తూ గంతులు. పందిరంతా ఒకటే నవ్వులు, చప్పట్లు. కలెక్టరాఫీసు నుంచి వచ్చిన అతిథి కూడా నవ్వాడు.

మా నాలుగో తరగతిలో ఒక సవర కుర్రాడు ఉండేవాడు. లెక్కల్లో వాడిని పట్టుకునేవాడు లేడు. ఆ రోజు వాడికి బహుమతి ఇస్తారని వాళ్లమ్మ తెల్లారకముందే కొండ దిగి వచ్చింది. ఉతికి మడతపెట్టుకున్న నీలం చీర కట్టుకుంది, మడతలు ఇంకా అలాగే నిలబడి ఉన్నాయి. పక్కన గోనె సంచిలో టీచర్లకని తెచ్చిన పనసకాయ. ఆ ఆట అవుతుంటే ఆమె కాసేపు చూసి, నా వైపు తిరిగి, "ఇది ఎవుల ఆటమ్మా?" అని అడిగింది. నిజంగానే తెలియక అడిగింది. కొడుకు మాత్రం నేలకేసి చూస్తూ కూర్చున్నాడు, వాడికి తెలిసింది.

మర్నాటి నుంచి మిగతా పిల్లలు ఆ కూతలతోనే వాడిని పిలవడం మొదలెట్టారు. కొన్నాళ్లు వచ్చాడు. తరువాత మానేశాడు. మేం ఊరికి వెళ్లి అడిగితే వాళ్ల నాన్న మర్యాదగానే కూర్చోబెట్టాడు, అంబలి ఇచ్చాడు, పిల్లాడిని ఆశ్రమ పాఠశాలలో వేస్తామన్నాడు. ఆ నీలం చీర అరుగు మీద ఆరేసి ఉంది. హెడ్‌మాస్టారు దారంతా ఒక్క మాటా మాట్లాడలేదు. ఎవరి మనసులోనూ చెడు లేదు అమ్మడూ, నా భయమంతా అక్కడే. చెడు ఉంటే ఎవరో ఒకరు ఆపేవాళ్లు.

అందుకని ఫ్యాన్సీ డ్రెస్సు తీసెయ్. మీ పెద్ద మేడమ్ ఒప్పుకోకపోతే నా పేరు చెప్పు, నేను మాట్లాడతాను. మీ బడిలో కూడా అమ్మానాన్నలకు ఉద్యోగాలొచ్చి టౌనుకి దిగిన జాతాపు పిల్లలో, కొండదొర పిల్లలో ఉండి ఉంటారు. వాళ్లని లేపి నిలబెట్టి, మీ భాషలో ఏదైనా చెప్పు అని అడగొద్దు. జాతాపుల పాత భాష కువి, ఇప్పుడు చాలా ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. రాదని ఆ పిల్ల అందరి ముందూ ఎందుకు తల దించుకోవాలి? తనంతట తాను చెబితే విను, అంతే. వాళ్ల ఇళ్లకు ముందే కబురు పంపి, ఏం చెప్పబోతున్నావో చూపించు. అది అన్నిటికన్నా ముందు చెయ్యి.

మరి ఏం చెప్పాలంటావా? వేషం కాకుండా పని చూపించు. బడి వెనక ఇసక ఉంటే, మట్టి కలిపి వాలుగా ఒక గుట్ట చేయించు. చెంబుతో పైనుంచి నీళ్లు పోయమను, మట్టంతా కిందికి కొట్టుకుపోతుంది. తరువాత మెట్లు మెట్లుగా కోయించి, ఒక్కో మెట్టుకు చిన్న చిన్న రాళ్లు అడ్డం పేర్చమను. మళ్లీ పోయమను. ఈసారి నీళ్లు ఒక మెట్టు నిండి, మెల్లగా రెండోదానికి దిగుతాయి. సవరలు కొండ వాలు మీద రాతి గట్లు కట్టి వరి పండించేది ఇలాగే. అది చూసిన పిల్లాడు వాళ్లని అడవి మనుషులు అనడు, ఇంజనీర్లు అంటాడు. పై వాలుల్లో పోడు చేసి కంది, చోళ్లు (రాగులు), సామలు, కొర్రలు కలిపి చల్లుతారని కూడా చెప్పు. వాన తక్కువై ఒక పంట పోతే ఇంకోటి నిలబడుతుంది.

లెక్కలకు చింతగింజలు పెట్టు. సవరల లెక్కలో పదమూడు అంటే పన్నెండూ ఒకటి. పంతొమ్మిది అంటే పన్నెండూ ఏడు. ఆ పైన ఇరవైలు. గింజల్ని పన్నెండేసి కుప్పలు పోయించి చూడు, ఒకటో తరగతి పిల్లలు ఎంత హుషారుగా చేస్తారో. సవరల గోడబొమ్మలు మాత్రం ఫొటోలో చూపించి ఊరుకో. ఎర్రమట్టి గోడ మీద పిండితో వేసే ఆ బొమ్మ చనిపోయిన పెద్దలకూ దేవతలకూ ఇచ్చే చోటు, పూజ చేసి వేస్తారు. దాని మీద డ్రాయింగు పోటీ పెట్టి బహుమతులు ఇవ్వడం బాగుండదు.

గిడుగు రామమూర్తి గారి గురించి తప్పకుండా చెప్పు. ఆగస్టు 29న మీ బడిలో తెలుగు భాషా దినోత్సవం చేస్తారుగా, ఆయన పుట్టినరోజే అది. మన శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో 1863లో పుట్టారు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర నేర్చుకున్నారు. ఆ భాషకు తెలుగుతో చుట్టరికమే లేదు, ముండా భాషల్లోది. అయినా పట్టు వదల్లేదు. వ్యాకరణం రాశారు, నిఘంటువు రాశారు, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే బడి పెట్టారు. కొండ జ్వరాలకు క్వినైన్ వాడీ వాడీ చెవులు పోగొట్టుకున్నారు. పిల్లల భాష వినడానికి వెళ్లి చెవులు పోగొట్టుకున్న మాస్టారు! ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

భూమి సంగతి చెప్పాలా వద్దా అని నువ్వు తటపటాయిస్తావు, నాకు తెలుసు. 1967 నాటి శ్రీకాకుళం గిరిజన పోరాటం గొడవలు, తుపాకులు ఆ వయసుకి వద్దు, పెద్దయ్యాక చదువుకుంటారు. కానీ అబద్ధం చెప్పకు. అప్పులిచ్చి, ఆ అప్పు తీరలేదని కొండవాళ్ల పొలాలు బయటి సావుకార్లు రాయించుకున్నారని, అందుకే ఏజెన్సీలో ఆదివాసుల భూమి బయటివాళ్లు కొనకూడదని చట్టం ఉందని చెప్పు. మనం 1/70 అంటాం చూడు, అది. ఒకడి పెన్సిలు ఇంకోడు లాక్కుంటే ఎలా ఉంటుందో ఆరేళ్ల పిల్లలకు మనకంటే బాగా తెలుసు.

చాలా తిట్టానా? నువ్వు చిన్నప్పుడు నా వెంట బడికి వచ్చి, ఆ సవర పిల్లలతో నేల మీద కూర్చుని అడ్డాకులు కుట్టడం నేర్చుకున్నావు. పుల్ల గుచ్చుకుని వేలు నోట్లో పెట్టుకుని కూడా, అది పూర్తయ్యేదాకా లేవలేదు. అందుకే ఈ పని నీవల్ల అవుతుందని నాకు నమ్మకం.

మీ పిల్లల చేత కూడా ఒక్కొక్కరికీ ఒక్కో విస్తరి కుట్టించు. ఇక్కడ సంతకు దిగే సవర ఆవిడ దగ్గర ఆకులు, ఈనెపుల్లలు తీసుకుని ఆర్టీసీ కార్గోలో వేస్తాను. ఆమె అడిగిన ధరకే కొంటాను, నువ్వు ఆ డబ్బు బడి వాళ్ల దగ్గర వసూలు చేసి పంపు. బడి పాఠానికి వాళ్ల సరుకు ఉత్తినే తీసుకోకూడదు. ఎంతమంది పిల్లలో ఆదివారంలోగా చెప్పు. పచ్చి ఆకు రెండు రోజులు దాటితే చుట్టుకుపోతుంది, అందగానే తడిగుడ్డలో చుట్టు.

ఇట్లు
మీ అత్త