అంటార్కిటికాలో డ్రోన్ ఎగరెయ్యాలంటే ఇప్పుడేం చదవాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. మా అమ్మాయి ప్లస్ టూ సైన్స్ రెండో సంవత్సరం. ధ్రువాల దగ్గర మంచు మీద డ్రోన్లు ఎగరేసి వాతావరణాన్ని కొలిచేవాళ్ల వీడియో ఒకటి చూసింది. అప్పటి నుంచి తనూ అదే చేస్తానంటోంది. డ్రోన్ పైలట్ కోర్సు చేస్తే దారి దొరుకుతుందని ఒక శిక్షణ సంస్థవాళ్లు చెప్పారట. ఫీజు 65 వేలు. మా ఆయనేమో బీఎడ్ చేసి టీచర్ అవ్వమంటున్నారు. ఆ డబ్బు కట్టమంటారా? అసలు ఆడపిల్లని అంత దూరం పంపొచ్చా?

జవాబు: అమ్మా, ఆ 65 వేలు ఇప్పుడు కట్టకండి. అమ్మాయి కోరికను మాత్రం కొట్టిపారెయ్యకండి.

డ్రోన్ నడపడం నేర్చుకోవడానికి కొద్ది రోజులు చాలు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 18 ఏళ్లు నిండి, పదో తరగతి పాసైతే కేంద్ర పౌర విమానయాన డైరెక్టరేట్ (డీజీసీఏ) గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ తీసుకుని రిమోట్ పైలట్ సర్టిఫికెట్ సంపాదించుకోవచ్చు. పొలాల్లో మందు కొట్టడానికి, భూముల సర్వేకి, పెళ్లి వీడియోలకి అది బాగా పనికొస్తుంది. ధ్రువాల దగ్గర డ్రోన్లతో పనిచేసేవాళ్లు మాత్రం ఎక్కువగా వాతావరణ శాస్త్రమో, ఇంజినీరింగో చదివి వచ్చినవాళ్లు. ఏం కొలవాలో తెలిసినవాళ్లు గనుక వాళ్లని పంపుతారు. ఎగరెయ్యడం ఆ తర్వాత నేర్చుకుంటారు. మీ అమ్మాయి కూడా ఆ సర్టిఫికెట్ ఎమ్మెస్సీలో ప్రాజెక్టు చేసేటప్పుడు తీసుకుంటే సరిపోతుంది.

ఏం కొలుస్తారో మీ ఊళ్లోనే చూపిస్తాను. ఒక జనవరిలో తెల్లవారకముందే పర్లాకిమిడిలో బస్సు దిగాను. ఎదురుగా టీ కొట్టు పొయ్యిలోంచి పొగ తిన్నగా పైకి లేచింది. తాటిచెట్టంత ఎత్తుకి వెళ్లాక, అక్కడ ఏదో చూరు అడ్డం వచ్చినట్టు ఆగి, చాప పరిచినట్టు పక్కలకి పరుచుకుంది. చలికాలంలో మీరు రోజూ చూసేదే. రాత్రంతా నేల చల్లబడి, దాన్ని అంటుకున్న గాలినీ చల్లబరుస్తుంది. దాని పైన గాలి వెచ్చగా ఉంటుంది. పొగ ఆ వెచ్చటి పొర దాటి పైకి పోలేదు. మనకి ఎనిమిదో తొమ్మిదో అయ్యేసరికి ఎండ వచ్చి ఆ పొరను చెదరగొడుతుంది. ధ్రువాల దగ్గర చలికాలంలో నెలల తరబడి సూర్యుడే రాడు. అందుకని అక్కడ ఆ పొర రోజుల తరబడి అలాగే నిలిచిపోతుంది. అది ఎంత మందంగా ఉంది, పైకి వెళ్లేకొద్దీ ఎంత వెచ్చబడుతోంది అన్నది సరిగ్గా తెలియకపోతే, మంచు ఎంత వేగంగా గడ్డకడుతుందో చెప్పే కంప్యూటర్ లెక్కలు తప్పుతాయి.

దాన్ని కొలవడానికి స్తంభం పాతితే అది కొన్ని పదుల మీటర్లకి మించి అందదు. వాతావరణ బెలూన్‌ని మామూలుగా రోజుకి రెండుసార్లు వదులుతారు. అది నిమిషంలో మూడు వందల మీటర్లు దాటిపోతుంది, మళ్లీ చేతికి రాదు. చిన్న డ్రోన్ అయితే అదే పొరలో నెమ్మదిగా ఎక్కుతూ దిగుతూ, గాలి అనుకూలిస్తే గంట గంటకీ కొలత తెచ్చి ఇస్తుంది. 2019లో పోలార్‌స్టెర్న్ అనే జర్మన్ నౌకను ఆర్కిటిక్ మంచులో కావాలనే ఇరికించి, దాదాపు ఏడాది పాటు మంచుతో పాటే కొట్టుకుపోనిచ్చారు. మొజాయిక్ యాత్ర అంటారు దాన్ని. అక్కడి శాస్త్రవేత్తలు నౌక పక్కనే మంచు మీద నిలబడి డ్రోన్లు ఎగరేశారు.

ఇందులో ఒక చిక్కు ఉంది. అమ్మాయికి ఇది తప్పకుండా చదివి వినిపించండి. డ్రోన్‌కి అమర్చిన సెన్సర్‌కి చుట్టూ ఉన్న గాలి వేడిని అందుకోవడానికి కొంచెం టైమ్ పడుతుంది. డ్రోన్ పైకి వెళ్తున్నప్పుడు అది చూపించేది నిజానికి కాస్త కింద ఉన్న గాలి వేడి. దిగుతున్నప్పుడు కాస్త పైన ఉన్న గాలిది. గ్రాఫ్ గీస్తే ఎక్కేటప్పటి గీత, దిగేటప్పటి గీత రెండూ కలవవు. ఆ తేడాను లెక్కగట్టి సరిచెయ్యడమే అసలు పని, అది రిమోట్ పట్టుకున్నంత మాత్రాన రాదు. ఫిజిక్స్, గణితం, స్టాటిస్టిక్స్, పైథాన్ అనే కంప్యూటర్ భాష కొంచెం వస్తే వస్తుంది.

సముద్రం మీద గడ్డకట్టిన మంచు సంగతీ ఇలాంటిదే. 1979 నుంచి ఉపగ్రహాలు దాన్ని వరసగా కొలుస్తున్నాయి. కానీ ఆ లెక్కలు చూపించే పటాల్లో ఒక్కో గడి సుమారు 25 కిలోమీటర్లు. అంటే మీ పర్లాకిమిడీ, సరిహద్దు అవతల పాతపట్నమూ ఒకే చుక్కలో పడిపోతాయన్నమాట. ఎండాకాలంలో మంచు మీద కరిగిన నీరు చిన్న చిన్న మడుగుల్లా నిలుస్తుంది. ఉపగ్రహానికి అది మంచు మీది నీరో, మంచే లేని సముద్రమో తేల్చుకోవడం కష్టం. తాజా మంచు కప్పిన చోట ఎండ పది వంతుల్లో ఎనిమిది వంతులకి పైగా తిరిగి ఆకాశంలోకి పోతుంది. నల్లటి సముద్రపు నీరు తొంభై శాతానికి పైగా తాగేస్తుంది. ఆ మడుగులు ఎన్ని, ఎంత వెడల్పు అని తేల్చడానికి తక్కువ ఎత్తులో ఎగిరే డ్రోన్ కెమెరా కావాలి.

మనుషులు వెళ్లలేని చోటికీ డ్రోనే వెళ్తుంది. అంటార్కిటికాలో టెర్రా నోవా బే దగ్గర, పీఠభూమి మీది చల్లటి బరువైన గాలి వాలు వెంట సముద్రంలోకి దూకుతుంది. రాత్రిళ్లు మహేంద్రగిరి వైపు నుంచి లోయలోకి చల్లగాలి దిగుతుందే, అదే సూత్రం, ఎన్నో రెట్లు ఉధృతంగా. ఆ గాలి కొత్తగా కట్టిన మంచును ఒడ్డు నుంచి తోసేస్తుంది, బయటపడ్డ నీరు మళ్లీ గడ్డకడుతుంది, గాలి దాన్నీ తోసేస్తుంది. 2009 సెప్టెంబరులో, అంటే అక్కడ చలికాలం చివర, అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు సుమారు 3 మీటర్ల రెక్కలున్న ఏరోసాండ్ డ్రోన్లను అక్కడ గంటల తరబడి తిప్పారు. అలాంటి చోట చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, ప్రొపెల్లర్‌కి మంచు పేరుకుంటుంది, అయస్కాంత ధ్రువం దగ్గరైన కొద్దీ దిక్సూచి నమ్మకంగా పనిచెయ్యదు. ఈ చిక్కులు విప్పడమే ఇష్టమని అమ్మాయి అంటే ఎలక్ట్రానిక్స్‌లోనో, ఏరోనాటికల్‌లోనో బీటెక్ కూడా మంచి దారే.

మీ ఉత్తరం చదివితే తనకి వాతావరణం మీదే మక్కువ అనిపించింది. అలాగైతే ఫిజిక్స్, మ్యాథ్స్ ఉన్న బీఎస్సీలో చేర్చండి. మీ ఊళ్లో శ్రీ కృష్ణచంద్ర గజపతి కాలేజీ ఉంది, ఇంటి నుంచే వెళ్లి రావచ్చు. మీ ఆయనకి ఒక మాట చెప్పండి: ఈ బీఎస్సీ చేసినా బీఎడ్ తలుపు మూసుకుపోదు. మూడేళ్ల తర్వాత ఆయన మాటే నెగ్గితే నెగ్గనీండి, పిల్ల ఏమీ పోగొట్టుకోదు.

డిగ్రీ చివరి ఏడాది జామ్ పరీక్ష రాయించండి, ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీటుకి రాసేది అదే. అది దేశమంతటికీ ఒకటే, లోకల్, నాన్ లోకల్ గొడవ ఉండదు. సరిహద్దు జిల్లాల మన పిల్లలకి అది పెద్ద ఊరట. భువనేశ్వర్ ఐఐటీలో భూమి, సముద్రం, వాతావరణాలకి ప్రత్యేక విభాగమే ఉంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ మెటియొరాలజీ, ఓషనోగ్రఫీ (వాతావరణ, సముద్ర శాస్త్రాల) విభాగం ఎప్పటి నుంచో పేరున్నది. బరంపురం యూనివర్సిటీలో మెరైన్ సైన్సెస్ ఉంది. ఎమ్మెస్సీ తర్వాత పీహెచ్‌డీకి గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం వైపు చూడాలి. అంటార్కిటికాలోని మైత్రి, భారతి స్థావరాలనీ, ఆర్కిటిక్‌లోని హిమాద్రినీ నడిపేది ఆ కేంద్రమే. వాతావరణ శాఖ కూడా తన ఉద్యోగులని మైత్రికీ భారతికీ పంపుతుంది.

"ధ్రువ డ్రోన్ పైలట్" అని విడిగా నోటిఫికేషన్ పడదమ్మా, అది ఆశించవద్దు. కానీ ఈ చదువు ధ్రువాలకే కట్టుబడి లేదు. 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, మీ జిల్లాలో కొండచరియలు విరిగిపడి ఎన్ని ప్రాణాలు పోయాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. గాలినీ వాననీ చదివిన మనిషి మన కొండలకీ తీరానికీ చాలా అవసరం. ఇంకో సంగతి, మీ బంధువుల్లో ఐటీఐ చేసిన కుర్రాళ్లుంటే చెప్పండి: అంటార్కిటికా స్థావరాలకి ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు, వాహనాల మెకానిక్‌లు, వంటవాళ్లు కూడా కావాలి. గోవా కేంద్రం వాళ్లని కాంట్రాక్టు మీద తీసుకుంటుంది.

ఆడపిల్లని పంపొచ్చా అని అడిగారు. 1983లోనే అదితి పంత్, సుదీప్తా సేన్‌గుప్తా మన దేశం తరఫున అంటార్కిటికా వెళ్లారు. ఇస్రోలో పనిచేసిన మంగళా మణి 56 ఏళ్ల వయసులో భారతిలో 403 రోజులు ఉండి వచ్చారు. చలికాలం ఉండే బృందానికి వైద్య పరీక్షలు, మంచు కొండల్లో శిక్షణ అయ్యాకే ప్రయాణం. మీ భయం నాకు అర్థమవుతుంది, కానీ ఆ నిర్ణయం తీసుకోవడానికి ఇంకా ఏడెనిమిదేళ్లుంది.

ఇప్పటికి ఆ 65 వేలల్లోంచి రెండు మామూలు డిజిటల్ థర్మామీటర్లు కొనివ్వండి. ముందు రెండింటినీ ఒక రోజంతా పక్కపక్కనే పెట్టి, వాటి మధ్య ఎంత తేడా ఉందో రాసుకోమనండి. డిసెంబరు వచ్చాక ఒకటి పెరట్లో నేలకి జానెడు ఎత్తులో, ఇంకోటి మేడ మీద కర్రకి గోడ తగలకుండా కట్టాలి. రోజూ సూర్యుడు రాకముందు ఒకసారి, తొమ్మిదింటికి ఒకసారి రెండూ చూసి రాయాలి. మబ్బు ఉందా, గాలి ఉందా, పొయ్యి పొగ ఎటు పోతోంది అన్నది కూడా పక్కనే రాయాలి. ఫిబ్రవరిలో ఆ నోట్‌బుక్ ఫొటోలు తీసి నాకు పంపమనండి. మేడ మీద వెచ్చగా, పెరట్లో చల్లగా ఉన్న రోజులు ఎన్నో, ఎందుకో తనే రాసి పంపాలి.