రక్తంలో మైక్రో ఆర్ఎన్ఏలు కొలిస్తే కండరాల జబ్బు తేలిపోతుందా?

గాజువాకలో ఉంటున్న మీ అక్క కొడుక్కి డుషెన్ మస్కులర్ డిస్ట్రఫీ (జన్యు లోపంతో కండరాలు క్రమంగా క్షీణించే జబ్బు) ఉండవచ్చని డాక్టరుగారు అనుమానించారనీ, రక్తంలో మైక్రో ఆర్ఎన్ఏల పరీక్ష చేయిస్తే విషయం తేలిపోతుందని ఎవరో చెప్పారనీ రాశారు. అది నిజమేనా, అసలు వీటికీ కండరానికీ సంబంధం ఏమిటి అన్నది మీ ప్రశ్న. నేను వైద్యుణ్ణి కాను. విశాఖలో పరిశోధన చేసిన రోజుల్లో కండర కణాలను పెంచి, వాటిలో ఈ అణువులనే కొలిచేవాణ్ణి. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఈ పరీక్ష జన్యు పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు.

జన్యువులోని సమాచారం మెసెంజర్ ఆర్ఎన్ఏగా నకలవుతుంది, దాన్ని బట్టి ప్రొటీన్ తయారవుతుంది. దాదాపు 22 న్యూక్లియోటైడ్ల (ఆర్ఎన్ఏ అక్షరాల) పొడవు మాత్రమే ఉండే మైక్రో ఆర్ఎన్ఏ, ఆర్గొనాట్ అనే ప్రొటీన్‌తో కలిసి, తనకు జత కుదిరే మెసెంజర్ ఆర్ఎన్ఏ చివరి భాగానికి అతుక్కుని ప్రొటీన్ తయారీని తగ్గిస్తుంది, లేదా ఆ ఆర్ఎన్ఏ త్వరగా నశించేలా చేస్తుంది. మైక్రో ఆర్ఎన్ఏలో రెండో స్థానం నుంచి ఎనిమిదో స్థానం వరకు ఉన్న అక్షరాలు కుదిరితే చాలావరకు సరిపోతుంది కాబట్టి, ఒక్క మైక్రో ఆర్ఎన్ఏ వందల జన్యువులపై ప్రభావం చూపగలదు. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌ల బృందాలు ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులో బయటపెట్టిన ఈ నియంత్రణకు 2024లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇవి చాలా సందర్భాల్లో కుళాయిని కట్టేయవు, ధారను సన్నం చేస్తాయి. మీ ప్రశ్నకు జవాబు చాలావరకు ఇక్కడే ఉంది.

కండరం ఏర్పడే క్రమంలో ఈ హెచ్చుతగ్గులను నేను కళ్లారా చూశాను. ఎలుక కండరం నుంచి వచ్చిన సీ2సీ12 కణాలు పోషకాలు దండిగా ఉన్న ద్రవంలో విడివిడిగా విభజన చెందుతూ ఉంటాయి. పాత్ర దాదాపు నిండిన తర్వాత సీరమ్ (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) తగ్గించి, రెండు శాతం గుర్రపు సీరమ్ ఇస్తే, అవి విభజన ఆపి, కొద్ది రోజుల్లో ఒకదానితో ఒకటి కలిసిపోయి అనేక కేంద్రకాలున్న పొడవైన నాళికలుగా మారతాయి. ఆ దశల్లో ఆర్ఎన్ఏ తీసి కొలిస్తే మిర్-1, మిర్-133, మిర్-206 అనే మైక్రో ఆర్ఎన్ఏలు పెరుగుతూ కనిపించేవి. వీటిలో మిర్-1, మిర్-133 ఒకే ఆర్ఎన్ఏ ముక్క నుంచి పుట్టినా వాటి పనులు వేరు. 2006లో వెలువడిన ప్రయోగాల ప్రకారం, మిర్-1 హెచ్‌డ్యాక్-4 అనే ప్రొటీన్‌ను తగ్గించి కణాన్ని పరిణతి వైపు నడిపిస్తే, మిర్-133 ఎస్ఆర్ఎఫ్ అనే మరో ప్రొటీన్‌ను తగ్గించి విభజన వైపు మొగ్గు చూపుతుంది. కాబట్టి ఏదో ఒకదాని స్థాయిని మాత్రమే చూసి ఆ కణం ఎటు వెళుతోందో చెప్పడం కష్టం.

ఒక్క అక్షరం మారితే ఏమవుతుందో టెక్సెల్ జాతి గొర్రెలు చూపిస్తాయి. వాటి మయోస్టాటిన్ జన్యువులో, ప్రొటీన్‌ను నిర్దేశించే భాగానికి వెలుపల, ఒక ‘జీ’ ఉండవలసిన చోట ‘ఏ’ వచ్చింది. దానితో అక్కడ మిర్-1, మిర్-206 అతుక్కునే వీలు ఏర్పడింది. కండరం పెరుగుదలకు పగ్గం వేసే మయోస్టాటిన్ తగ్గి, ఆ గొర్రెలు బాగా కండపట్టాయి. ప్రొటీన్ నిర్మాణంలో ఏ లోపమూ లేకుండా, దాని మోతాదు మారినందుకే ఇంత తేడా వచ్చిందన్న సంగతి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ఇక జబ్బు సంగతి. డుషెన్‌లో అసలు లోపం డిస్ట్రఫిన్ జన్యువులో ఉంటుంది. ఆ ప్రొటీన్ లేనందున కండర కణపు పొర దెబ్బతిని, లోపలి సీపీకే ఎంజైముతో పాటు మిర్-1, మిర్-133, మిర్-206 కూడా రక్తంలోకి కారతాయి. అంటే రక్తంలో అవి పెరగడం కండరం దెబ్బతింటోందని చెబుతుంది గానీ, ఎందుకు దెబ్బతింటోందో చెప్పదు. తీవ్రమైన వ్యాయామం తర్వాత ఆరోగ్యవంతుల్లోనూ వీటిలో కొన్ని పెరుగుతాయి. పెరిగిన ప్రతిదీ హాని చేస్తుందనుకోవడమూ సరికాదు: ఏఎల్ఎస్ (కండరాలను కదిలించే నరాల కణాలు నశించే జబ్బు) నమూనాగా వాడే ఎలుకల్లో మిర్-206 లేకుండా చేస్తే జబ్బు మరింత వేగంగా ముదిరింది, ఎందుకంటే అది నరానికీ కండరానికీ మధ్య తెగిన బంధాన్ని తిరిగి కలపడానికి తోడ్పడుతుంది.

నమూనా విషయంలోనూ జాగ్రత్త అవసరం. రక్తం తీసేటప్పుడు గానీ, మన వేసవిలో సరైన చల్లదనం లేకుండా తరలించేటప్పుడు గానీ ఎర్రకణాలు పగిలితే, వాటిలోని మిర్-451, మిర్-16 సీరమ్‌లో కలిసి, వాటితో పోల్చి లెక్కగట్టే ఫలితాలను తారుమారు చేస్తాయి. సీరమ్ గులాబీ రంగులో ఉంటే మేము ఆ నమూనాను పక్కన పెట్టేవాళ్లం.

కాబట్టి ఆ పరీక్షకు పెట్టే డబ్బును డిస్ట్రఫిన్ జన్యు పరీక్షకు ఉంచుకోండి. సీపీకే చూసిన తర్వాత, 79 ఎక్సాన్లు (ప్రొటీన్ తయారీకి వాడే ముక్కలు) ఉన్న ఆ జన్యువులో పెద్ద ముక్కలు పోయాయా, రెట్టించాయా అన్నది ఎంఎల్‌పీఏ అనే పరీక్ష చెబుతుంది. అందులో ఏమీ కనిపించకపోతే, జన్యువును అక్షరం అక్షరం చదివే సీక్వెన్సింగ్ చేయించాలి. లోపం ఏ ఎక్సాన్‌లో ఉందో తెలిస్తేనే, ఎక్సాన్ స్కిప్పింగ్ (ఒక ఎక్సాన్‌ను దాటవేసి ప్రొటీన్ తయారయ్యేలా చేయడం) వంటి చికిత్సలు బాబుకు వర్తిస్తాయో లేదో న్యూరాలజిస్టు చెప్పగలరు. బాబులో లోపం తేలితే మీ అక్కగారికి కూడా పరీక్ష చేయించండి. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉంటుంది. లోపం తల్లి నుంచి వచ్చి ఉండవచ్చు, బిడ్డలోనే కొత్తగా పుట్టి ఉండవచ్చు. ఆమె మళ్లీ బిడ్డను కనాలనుకుంటే ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి. ఆమె వాహకురాలని (లోపమున్న జన్యువు ఆమెలోనూ ఉందని) తేలితే, ఆమె గుండెను కూడా అప్పుడప్పుడు పరీక్షించవలసి ఉంటుంది.