నల్లరేగడిలో వేరుశనగ: పసుపుబారే ఆకులు, తెగిపోయే కాయలు

అనంతపురం ఎర్రనేలల్లో చేసిన పద్ధతిలోనే నంద్యాల దగ్గరి నల్లరేగడిలో వేరుశనగ వేస్తే లేత ఆకులు పసుపుబారాయనీ, పీకేటప్పుడు కాయలు మట్టిలోనే తెగిపోయాయనీ మీరు రాశారు. విత్తనాన్ని అనుమానించే ముందు నేలను చూడండి.

ఎర్ర చల్కలో (ఎర్రనేలలో) ఇసుక పాలు ఎక్కువ కాబట్టి ఊడలు, అంటే పూత తర్వాత నేలలోకి దిగి కాయలు కట్టే కాడలు, సులువుగా దిగుతాయి. రేగడిలోని మాంట్‌మొరిల్లోనైట్ బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే బిగుసుకుని పగుళ్లిస్తుంది, కాయను పట్టి ఉంచేది ఆ బిగువే. అందువల్ల పీకడానికి ముందు తేలికపాటి తడి తప్పనిసరిగా ఇవ్వండి.

లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్య భాగం మాత్రమే పసుపుబారితే అది ఇనుపధాతు లోపం. సున్నం ఎక్కువగా ఉన్న రేగడిలో ఇనుము ఉన్నప్పటికీ మొక్కకు అందదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి, వారం వ్యవధిలో రెండుసార్లు పిచికారీ చేయండి.

నన్నడిగితే ఆ పొలానికి శనగే మేలు. వానాకాలపు తేమను రేగడి లోతుగా దాచుకుంటుంది కనుక, అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తిన శనగ చాలావరకు ఆ తేమతోనే పండుతుంది. ఈలోగా 6 అంగుళాల లోతు వరకు మట్టి నమూనాలు తీసి, ఉదజని సూచిక (pH), సున్నం పరీక్ష చేయించండి.