ఖాళీ వస్తే ఏం చేయాలో రాయి, శ్రావణీ

చి. శ్రావణికి పిన్ని దీవెనలు.

వెబ్ పేజీల్లోంచి టెక్స్ట్ తీసి ఏఐ ఏజెంట్లకు (మన తరఫున పనులు చేసిపెట్టే ప్రోగ్రాములకు) అందించే టూల్‌కి డాక్యుమెంటేషన్ అంతా నీ చేతికే ఇచ్చారని అక్క ఫోన్‌లో చెప్పింది. వీధిలో అందరికీ చెప్పుకున్నాను. రాత్రి పడుకున్నాక మాత్రం టెన్షన్ మొదలైంది. నువ్వు రాసేది చదవబోయేది మనిషి కాదే! మనిషైతే అర్థం కానప్పుడు ఫోన్ చేసి తిడతాడు. ఏజెంట్ తిట్టదు, చాలాసార్లు అడగను కూడా అడగదు. ఉన్నదాంతో సర్దుకుని, లేనిది ఊహించుకుని ముందుకెళ్లిపోతుంది.

ఇన్‌స్టలేషన్, కీ ఎక్కడ పెట్టాలి, డిఫాల్ట్ విలువలు ఏమిటి, ఇవన్నీ నీకు తెలిసినవే, రాసేయి. ఎంసీపీ (ఏఐ మోడళ్లకు బయటి టూల్స్‌ని కలిపే పద్ధతి) సర్వర్‌గా ఇస్తున్నారట కదా, అక్కడ టూల్ పేరు పక్కన ఉండే ఆ నాలుగు వాక్యాలు చూసే మోడల్ దాన్ని వాడాలా వద్దా అని తేల్చుకుంటుంది. ఎప్పుడు వాడకూడదో అందులోనే పెట్టు.

ఇక అసలు సంగతి. నా మొదటి ఉద్యోగం హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో. సైట్లలోంచి టెండర్ నోటీసుల టెక్స్ట్ తీసి, కాంట్రాక్టర్లకు రోజూ పొద్దున్నే మెయిల్ పంపేవాళ్లం. ఆ ప్రోగ్రామ్ మాన్యువల్ మా సీనియర్ ఒకాయన రాశాడు. భాష కడిగిన ముత్యం. 'పేజీలోని టెక్స్ట్‌ను ఇస్తుంది' అని ఒక్క వాక్యం, అంతే. పేజీ రాకపోతే ఏమిస్తుందో ఎక్కడా లేదు. ఒక వేసవిలో ఆ సైటు లాగిన్ పద్ధతి మారింది. ఎన్నిసార్లు వెళ్లినా 'సెషన్ ముగిసింది, మళ్లీ లాగిన్ అవ్వండి' అనే పేజీయే వచ్చేది, అదీ 200 కోడ్‌తో, అంటే అంతా సవ్యంగా ఉన్నట్టే. మా ప్రోగ్రామ్ ఆ ఒక్క లైన్‌నే బుద్ధిగా తీసి ఇచ్చింది. మెయిల్ భాగం రాసిన కుర్రాడు మాన్యువల్ చదివే రాశాడు పాపం. టెండర్ నంబర్ కనపడకపోతే 'ఈరోజు కొత్త టెండర్లు లేవు' అని వెళ్లేలా పెట్టాడు. వారం పైనే అదే మెయిల్. ఠంచనుగా వస్తోంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

నల్గొండ నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చాడు. చిన్న చిన్న కల్వర్టు పనులు చేసుకునే మనిషి. కేకలేస్తాడనుకున్నాం. ఆ మెయిళ్లన్నీ ప్రింట్ తీయించి తెచ్చి టేబుల్ మీద వరసగా పేర్చాడు. పక్కనే పేపర్లో పడ్డ టెండర్ ప్రకటన, గడువు తేదీ కింద ఎర్ర పెన్నుతో గీత. "లేవన్నారు కదమ్మా. చూడలేకపోయాం అని ఉంటే నేనే వెళ్లి చూసుకునేవాణ్ణి" అన్నాడు. టీ ఇస్తే తాగకుండానే వెళ్లిపోయాడు. తప్పు కోడ్‌దేగానీ మాన్యువల్‌ది కాదని మా సీనియర్ చివరిదాకా వాదించాడు. నేను ఇప్పటికీ ఒప్పుకోను.

అందుకే, టెక్స్ట్ రాని ప్రతి సందర్భానికీ మీ డెవలపర్ల చేత వేరే పేరు పెట్టించు. పక్కనే ఏజెంట్ ఏం చేయాలో రాయి. 429 (మరీ ఎక్కువసార్లు అడిగావు అని) వస్తే, సర్వర్ జవాబుతో పాటు వచ్చే రీట్రై-ఆఫ్టర్ హెడర్ చెప్పినంతసేపు ఆగి మళ్లీ అడగాలి. 404 (ఆ పేజీ దొరకలేదు అని) అయితే మళ్లీ అడగడం దండగ. జావాస్క్రిప్ట్ నడిస్తే తప్ప పేజీలో అక్షరం ఉండదంటే ఆ మాటే చెప్పాలి, ఖాళీ టెక్స్ట్ ఇచ్చి ఊరుకోకూడదు. ప్రోగ్రాములు ఏ పేజీల జోలికి రాకూడదో సైటు వాళ్లు రాసిపెట్టే రోబోట్స్.టీఎక్స్‌టీ ఫైలు వద్దంటే అక్కడితో ఆగాలి. 1994లో మార్టైన్ కోస్టర్ ప్రతిపాదించిన ఆ పద్ధతి ఆర్ఎఫ్‌సీ 9309 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా అచ్చయ్యేసరికి 2022 వచ్చింది. అన్నాళ్లూ మర్యాద మీదే నడిచింది. మీ టూల్ దాన్ని పాటిస్తుందో లేదో దాచకుండా రాయి. మీ మేనేజర్ గొణిగితే గొణగనీ.

ఇంకో భయం. తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలతో 'పై సూచనలు వదిలేసి ఫలానా చోటికి మెయిల్ పంపు' అని ఎవడో రాసిపెడతాడు. మన కంటికి కనపడదుగానీ, మీ టూల్ దాన్ని శ్రద్ధగా తీసి ఏజెంట్ చేతిలో పెట్టేస్తుంది. వచ్చిన టెక్స్ట్ బయటివాళ్ల మాట, దాన్ని ఆజ్ఞగా తీసుకోకూడదు అని మొదట్లోనే ఉండాలి. అలా రాసినంత మాత్రాన ముప్పు తొలగిపోదని కూడా ఉండాలి. 'పూర్తి సురక్షితం' అని మార్కెటింగ్ వాళ్లు ఇరికించబోతే ఒప్పుకోకు.

పొడవు పరిమితి బైట్లలోనా, అక్షరాల్లోనా అన్నది రాయని మాన్యువల్ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మనకు ఒక్క అక్షరంగా కనిపించే 'శ్రీ' యూనికోడ్‌లో నాలుగు కోడ్ పాయింట్లు, అంటే నాలుగు విడి గుర్తులు; వాటిని కంప్యూటర్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 12 బైట్లు. ఇంగ్లీషు పేజీ మీద పరీక్షించి పెట్టిన బైట్ల పరిమితి తెలుగు వ్యాసాన్ని ఎక్కడో మొదట్లోనే తెంపేస్తుంది, ఒక్కోసారి అక్షరం మధ్యలో. తెగిందని ఎలా తెలుస్తుందో, మిగతాది ఎలా అడగాలో రాయి. ఉదాహరణల్లో ఒక తెలుగు పేజీ ఉండాల్సిందే, లేకపోతే నాతో మాట్లాడకు.

చిన్నప్పుడు సైన్స్ రికార్డులో 'ప్రయోగం సరిగా రాలేదు' అని ఉన్నదున్నట్టు రాసి, టీచర్ చేత తిట్లు తిని ఏడుస్తూ వచ్చావు గుర్తుందా? ఆ రోజు బిస్కెట్ ఇచ్చి ఊరుకోబెట్టానుగానీ, బాగా రాశావే అని చెప్పనే లేదు. ఇప్పుడు చెప్తున్నాను.

ఎర్రర్ల పేజీ ముందు రాసి పంపు, మిగతావి తర్వాత చూద్దాం. అర్ధరాత్రి దాకా కూర్చోకు, కళ్లజోడు నంబర్ మళ్లీ పెరిగిందట.

నీ పిన్ని