డిసెంబర్‌లో కాశ్మీర్ లోడుకి వెళ్తున్న మా అల్లుడికి

అల్లుడూ,

కాశ్మీర్ లోడు ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. చెప్పింది తక్కువ, ఏడ్చింది ఎక్కువ. నాకు మాత్రం ముందు గర్వంగానే అనిపించింది. నేను ఎన్నేళ్లు తిరిగినా ఓనరు బండి మీదే తిరిగాను, సొంత బండితో జమ్మూ దాటబోయేది మన ఇంట్లో నువ్వే. కోపం ఆ తర్వాత వచ్చింది. సెప్టెంబర్, అక్టోబర్‌లో ఆపిల్ సీజన్ ఉండగా వెళ్లకుండా, అక్కడి లాసిపొరా కోల్డ్ స్టోరేజీల నుంచి సరుకు తీసే చలికాలంలోనా నీ మొదటి ట్రిప్పు? కిరాయి ఎక్కువిస్తామంటే ఎందుకిస్తున్నారో అడగొద్దూ?

సరే, అడ్వాన్సు కూడా తీసుకున్నావంట కాబట్టి విను.

టైర్లు, బ్యాటరీ, వైపర్లు నీకు చెప్పక్కర్లేదు. రేడియేటర్‌లో ఉత్త నీళ్లు పోసి పోకు, కూలెంట్ పోయించు. ఎయిర్ ట్యాంకుల్లో చేరిన నీళ్లు రోజూ వదిలెయ్, అవి గడ్డకడితే బ్రేకులు చెప్పిన మాట వినవు. విజయవాడ డీజిల్‌తో కొండ ఎక్కకు. అందులోని మైనం ఆ చలికి గట్టిపడి ఫిల్టర్‌ని మూసేస్తుంది, కాబట్టి ట్యాంకు తగ్గించుకుంటూ పోయి అక్కడి బంకుల్లో నింపుకో. నీ బండి బీఎస్-6 కదా, పొగ శుభ్రం కావడానికి దానికి పోసే యూరియా ద్రావణం -11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, మీటర్‌లో లైటు వెలిగిందని కంగారుపడి ట్యాంకు మీద వేణ్నీళ్లు పోయకు. మంచులో జారకుండా వెనక చక్రాలకి చైన్లు ఎలా కట్టాలో ఇక్కడే ఆటోనగర్‌లో పొడినేల మీద నేర్చుకో. మంచులో, వేళ్లు మొద్దుబారాక నేర్చుకుందామంటే కుదరదు.

రోడ్డు కొత్తదేం కాదు. మన ఆదిలాబాద్, నిర్మల్, హైదరాబాద్ మీదుగా వెళ్లే 44వ నంబరే అక్కడిదాకా పోతుంది. రాంబన్ నుంచి బనిహాల్ దాకా కొండ మీంచి రాళ్లు పడతాయి, వాతావరణం బాగాలేని రోజుల్లో లారీల్ని ఒక వైపు నుంచే వదుల్తారు, ఉధంపూర్‌లోనో కాజీగుండ్‌లోనో ఆపేస్తారు. ఆపితే ఆగు. బనిహాల్ దగ్గర ఇప్పుడు మన హైదరాబాద్ నవయుగ వాళ్లు తవ్విన ఎనిమిదిన్నర కిలోమీటర్ల సొరంగం ఉంది, 2021లో తెరిచారు. మా రోజుల్లో దాదాపు 2,200 మీటర్ల ఎత్తున ఉన్న జవాహర్ టన్నెల్ దాకా ఎక్కాల్సిందే. నీకా కష్టం లేదు, అదే నా టెన్షన్ కూడా. లోపల రోడ్డు పొడిగా ఉంటుంది, హాయిగా స్పీడు పెంచుతావు, అవతల బయటపడేసరికి మంచు ఉంటుంది. చివరి కిలోమీటరు నుంచే తగ్గించుకుంటూ రా.

తెల్లగా కురిసిన మంచు కంటికి కనిపిస్తుంది. పగలు కరిగి రాత్రి గడ్డకట్టిన పల్చటి ఐసు కనిపించదు, రోడ్డు తడిసినట్టే ఉంటుంది. ముందు బండి చక్రాల వైపు చూడు, రోడ్డు తడిగా ఉన్నా తుంపర లేవడం లేదంటే అది ఐసే. ఎండ తగలని మలుపులూ వంతెనలూ ముందు గడ్డకడతాయి. స్టీరింగ్ ఉన్నట్టుండి తేలికైతే బ్రేకు తొక్కకు, ఎగ్జాస్ట్ బ్రేకు కూడా వెయ్యకు, వెనక చక్రాలు పట్టేసి తోక పక్కకి తిరుగుతుంది. యాక్సిలరేటర్ మెల్లగా వదులు, స్టీరింగ్ నిదానంగా పట్టుకో. అసలు దిగుడు మొదలవకముందే చిన్న గేర్లో ఉండాలి. డీజిల్ మిగుల్తుందని దిగుడులో న్యూట్రల్ కొడతావు నువ్వు, కాదనకు, శ్రీశైలం ఘాట్లో నేను పక్కన కూర్చునుండగానే కొట్టావు.

ఇవన్నీ దారిలో ఎవరైనా చెప్తారు. నేను ఈ ఉత్తరం మొదలుపెట్టింది బండి ఆగాక సంగతి చెప్పడానికి.

ఒకసారి కాజీగుండ్‌లో రోడ్డు మూసేశారు. లైన్లో లారీలన్నీ నిలిచిపోయాయి. మా ముందు బండి డ్రైవరు నాకంటే సీనియర్, ఆ రూట్లో పేరున్న మనిషి, పేరెందుకులే. క్లీనర్ గుంటూరు వైపు కుర్రాడు. ఆయన డాబాలో బొగ్గులు అడిగి తెచ్చి, రేకు డబ్బాలో వేసి క్యాబిన్‌లో పెట్టుకున్నాడు. నేను వద్దన్నాను. "నిన్న రాత్రి కూడా ఇలాగే పడుకున్నాం, ఏమైంది?" అన్నాడు. నిజమే, నిన్న ఏమీ కాలేదు. ఎందుకంటే వాళ్ల ఎడమ తలుపు అద్దం పూర్తిగా పైకెక్కేది కాదు, ఆ సందులోంచి గాలి ఆడింది. ఆ రోజు చలి గాలి కొడుతోందని కుర్రాడు ఆ సందులో గోనెపట్టా కుక్కాడు. అంతే తేడా. తెల్లారి టీ తీసుకెళ్లి తలుపు కొడితే పలకలేదు. అద్దం పగలగొట్టి తీశాం. కుర్రాడికి ఊపిరుంది, ఆసుపత్రిలో బతికాడు. ఆయన బతకలేదు. ముఖం చూస్తే నిద్రపోతున్నట్టే ఉంది, మేం కాసేపు నమ్మలేదు కూడా. అక్కణ్ణుంచి ఆయన్ని ఊరికి చేర్చడానికి మేం పడ్డ పాట్లు నీకు చెప్పను, ఆ ఇంటి ముందు బండి ఆగినప్పుడు ఏం జరిగిందో అసలే చెప్పను.

ఆ బొగ్గు గాలికి వాసన ఉండదురా. పొగ ఉంటే దగ్గొస్తుంది, లేస్తావు. ఇది తలనొప్పిగా, వికారంగా, మత్తుగా మొదలవుతుంది, డ్రైవింగ్ అలసట అనుకుని పడుకుంటావు. అద్దం కొంచెం దించి పెట్టుకుంటానని నాతో బేరం ఆడకు. అక్కడి వాళ్లు ఫెరన్ అనే పొడవాటి అంగీ లోపల పెట్టుకునే కాంగ్డీ, అదే నిప్పుల కుండ, ఎవరైనా ప్రేమగా ఇచ్చినా బయట నిలబడి చలికాచుకో, క్యాబిన్‌లోకి తేకు. ఇంజన్ ఆన్‌లో పెట్టి పడుకోవడం కూడా అంతే, సైలెన్సర్ చుట్టూ మంచు పేరుకుంటే ఆ పొగ లోపలికే వస్తుంది. డిసెంబర్ 21 నుంచి నలభై రోజులు చిల్లై కలాన్ అంటారు, ఏడాదిలో గట్టి చలి అప్పుడే. రాత్రి మరీ తట్టుకోలేకపోతే బండికి తాళం వేసి డాబాలో పడుకో. ఆపిల్స్ ఎవరూ ఎత్తుకుపోరు, పోతే పోనీ.

ఇంకోటి, అన్‌లోడ్ చేశాక ఖాళీ కంటైనర్‌తో కృష్ణపట్నం వెళ్తానన్నావంట. డిసెంబర్ అంటే మనకి తుపాన్లు కూడా, 2023లో మిచాంగ్ డిసెంబర్ 5న బాపట్ల దగ్గరే కదా తీరం దాటింది. నువ్వు లోడు బండికి భయపడతావు, నాకు ఖాళీ కంటైనరే భయం. బరువుండదు, పక్క మాత్రం గోడంత ఉంటుంది. నెల్లూరు పెన్నా వంతెన లాంటి చోట, లేదా బస్సుని దాటి ముందుకొచ్చిన క్షణాన పక్కగాలి ఒక్కసారిగా కొడుతుంది. హెచ్చరిక ఉంటే బయల్దేరకు. దారిలో దొరికిపోతే చెట్లు, హోర్డింగులు, కరెంటు తీగలు లేని చోట, గాలికి ఎదురుగా ముందు భాగం ఉండేలా ఆపుకో. వెనక తలుపులు మాత్రం తెరవకు, గాలికి విసురుగా వచ్చి మనిషిని పడేస్తాయి.

ఫోన్‌పేలో డబ్బులు వేశాను. జమ్మూలో మందంగా ఉన్న రజాయిలు రెండు కొను, నీకొకటి, క్లీనర్‌కొకటి. దాన్ని బండి కిస్తీలో కలిపేశావని తెలిస్తే ఊరుకోను. కొన్నాక ఫొటో తీసి మీ అమ్మకి పంపు, మళ్లీ నాకే ఫోన్ చేసి ఏడుస్తుంది లేకపోతే.

మీ మావయ్య